స్కాట్లాండ్ పార్లమెంటు పిటిషన్ సేవ: ఒక్క సంతకంతో ఎంత దూరం వెళ్లొచ్చు?

ఎడిన్‌బరోలోని హోలీరూడ్‌లో కొలువైన స్కాట్లాండ్ పార్లమెంటుకు ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వయసు పరిమితి లేదు, స్కాట్లాండ్‌లో ఓటు ఉండాలన్న నియమం కూడా లేదు. వ్యక్తి పెట్టొచ్చు, సంస్థ పెట్టొచ్చు, నలుగురు కలిసి పెట్టుకున్న చిన్న సంఘమూ పెట్టొచ్చు. అర్జీదారుడి ఒక్క సంతకం సరిపోతుంది. ఆ ఒక్క సంతకానికి ఒక చట్టసభ కమిటీ బహిరంగంగా కూర్చుని, ప్రభుత్వం చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించి, దాని మీద చర్చించే ఏర్పాటు ఉండటం గొప్ప సంగతే. 5కి 4 మార్కులు ధైర్యంగా ఇవ్వొచ్చు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో, స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద రెఫరెండం (ప్రజాభిప్రాయం తేల్చే ఓటు) లాంటి పెద్ద కోరికతో వచ్చేవాళ్లు ఎక్కడ దెబ్బ తింటారో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఈ సేవ తర్వాత అతికించిన అలంకారం కాదు. 1997 సెప్టెంబర్ 11న జరిగిన రెఫరెండంలో 74.3 శాతం మంది పార్లమెంటు కావాలన్నారు. ఆ పార్లమెంటు ఎలా నడవాలో ఆలోచించిన సలహా బృందం 1999 జనవరిలో నివేదిక ఇచ్చింది. అధికారాన్ని ప్రజలతో పంచుకోవడం, జవాబుదారీతనం, అందరికీ అందుబాటులో ఉండటం, సమానావకాశాలు అనే నాలుగు సూత్రాలు అందులోవే. పిటిషన్ల కమిటీ ఆ సూత్రాల్లోంచి పుట్టి, మొదటి సభతోనే పని మొదలుపెట్టింది. ఇంటర్నెట్ ఇంకా నడక నేర్చుకుంటున్న రోజుల్లోనే, 2000లో, నేపియర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఆన్‌లైన్ పిటిషన్లు ప్రయోగించి చూశారు. 2021లో ఆ కమిటీ పేరులో ప్రజల భాగస్వామ్యం అన్న మాట కూడా చేరింది.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. ముందుగా పార్లమెంటు పిటిషన్ల వెబ్‌సైట్‌లో పాతవన్నీ వెతకాలి. ప్రతి పిటిషన్‌కూ పీఈ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. మీరు అడగబోయే విషయాన్నే ఇంకొకరు అడిగి, అది మూతపడి ఏడాది దాటకపోతే, మీది తీసుకోరు. ఈ ఒక్క పని చేయకుండా ఫారం నింపేసి నిరాశపడేవాళ్లు ఎక్కువ. పాత పిటిషన్ దొరికితే దాన్ని పూర్తిగా చదవండి. అప్పట్లో ప్రభుత్వం ఏం చెప్పిందో, కమిటీ ఏ కారణంతో మూసిందో అక్కడే ఉంటుంది. కొత్త అర్జీ సరిగ్గా ఆ కారణానికి జవాబుగా ఉండాలి.

రెండోది, ఇప్పటికే ఏం ప్రయత్నం చేశారో చూపించాలి. మంత్రికో, మీ ప్రాంత సభ్యుడికో రాసి ఉండాలి. సభలో 129 మంది ఉంటారు: 73 మంది నియోజకవర్గాల నుంచి, 56 మంది ఎనిమిది ప్రాంతీయ జాబితాల నుంచి. అంటే స్కాట్లాండ్‌లో ఉండే ప్రతి ఒక్కరికీ ఒక నియోజకవర్గ సభ్యుడు, ఏడుగురు ప్రాంతీయ సభ్యులు కలిపి ఎనిమిది మంది ప్రతినిధులు. ఒకరు పలకకపోతే మరొకరికి రాయొచ్చు. ఉత్తరం తేదీ, వచ్చిన జవాబులోని ముఖ్యమైన వాక్యం ఫారంలో పెడితే అర్జీకి బలం వస్తుంది.

మూడోది కోరిక రాసే తీరు. "స్కాట్లాండ్ ప్రభుత్వం ఫలానాది చేయాలని పార్లమెంటు ఒత్తిడి తేవాలి" అన్న మూసలో ఉండాలి. ఒక్క కోరిక ఉంటే మేలు. ఒక వ్యక్తి కేసు, కోర్టులో నడుస్తున్న వివాదం, ఒక స్థానిక కౌన్సిల్ తీసుకున్న ఫలానా నిర్ణయం ఇక్కడ చెల్లవు. ఆసుపత్రిలో జరిగిన అన్యాయం గురించి రాయాలంటే, ఆ ఒక్క సంఘటన గురించి కాకుండా, అలాంటివి జరగనిస్తున్న విధానం గురించి అడగాలి. కమిటీ క్లర్కులు మీ ముసాయిదాలో మాటలు మార్చమని అడుగుతారు. చాలామంది దీన్ని సెన్సార్ అనుకుని కోపం తెచ్చుకుంటారు. అది పొరపాటు. ఆ దిద్దుబాటే అర్జీని లోపలికి వచ్చేలా చేస్తుంది.

ఆ తర్వాత పార్లమెంటు పరిశోధన విభాగం, అక్కడి వాళ్లు స్పైస్ అని పిలుచుకునేది, మీ విషయం మీద తటస్థంగా ఒక నోట్ తయారుచేస్తుంది. ప్రభుత్వం నుంచి తొలి అభిప్రాయం తెప్పిస్తారు. ఇక్కడే అసలు కీలకం ఉంది. ప్రభుత్వ జవాబు మీద రాతపూర్వకంగా స్పందించే అవకాశం అర్జీదారుడికి వస్తుంది. ప్రభుత్వ లేఖలో "ఇప్పటికే మార్గదర్శకాలు ఉన్నాయి" అని ఉంటే, ఆ మార్గదర్శకాలు ఎప్పటివి, ఏ హెల్త్ బోర్డు (ప్రాంతీయ ఆరోగ్య సంస్థ) పాటించడం లేదు, ఏ లెక్క సేకరించడం లేదు అని పాయింటు పాయింటుగా రాయాలి. బాధ వెళ్లగక్కుతూ పది పేజీలు రాసే కంటే, కమిటీ సభ్యుడు మంత్రిని నేరుగా అడగగలిగే మూడు ప్రశ్నలు రాయడం ఎన్నో రెట్లు పనికొస్తుంది. అర్జీదారుడే స్వయంగా కమిటీ ముందు మాట్లాడే అవకాశం అందరికీ రాదు. కాబట్టి ఆ కాగితమే మీ గొంతు.

ఇంతవరకూ సేవ బాగుంది. చిక్కంతా హద్దు దగ్గర.

1998 నాటి స్కాట్లాండ్ చట్టం ఎడిన్‌బరోకు ఏయే అధికారాలు ఉన్నాయో జాబితా రాయలేదు. లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటు (వెస్ట్‌మినిస్టర్) తన దగ్గర ఉంచుకున్నవి ఏవో ఐదో షెడ్యూల్‌లో రాసింది. అందులో లేనివన్నీ హోలీరూడ్‌వే. రాజ్యాంగం, విదేశాంగం, రక్షణ, వలసలు, మాదకద్రవ్యాల చట్టం, ప్రసారాలు, ఉద్యోగ చట్టాలు లండన్‌వి. ఆరోగ్యం, చదువు, పోలీసు, కోర్టులు, స్థానిక పాలన ఎడిన్‌బరోవి. ఈ గీత నేరుగా ఉండదు. గడియారాలను వేసవిలో గంట ముందుకు జరపాలా వద్దా అన్నది లండన్ తేల్చాలి. బ్యాంకు సెలవు ఏ రోజో మాత్రం ఎడిన్‌బరో నిర్ణయించుకోవచ్చు. సెయింట్ ఆండ్రూస్ దినాన్ని బ్యాంకు సెలవు చేస్తూ 2007లో చట్టం వచ్చింది అందుకే. అణు విద్యుత్తు లండన్ చేతిలో ఉంది, కానీ కొత్త కేంద్రానికి కావలసిన ప్లానింగ్ అనుమతి ఎడిన్‌బరో ఇవ్వాలి. పిటిషన్ రాసేవాళ్లు నేర్చుకోవలసింది ఇదే: విషయం లండన్‌ది అయినా, దాన్ని నేల మీద అమలు చేసే మెట్లలో ఒకటి ఎడిన్‌బరోది అయి ఉంటుంది. ఆ మెట్టు ఏదో వెతికి పట్టుకోవాలి.

గ్లాస్గోలో 2025 జనవరిలో తెరిచిన థిసిల్ కేంద్రం దీనికి మంచి ఉదాహరణ. మత్తుమందులు వాడేవాళ్లు వైద్య పర్యవేక్షణలో వాటిని తీసుకునే చోటు అది. 1971 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని మార్చే అధికారం హోలీరూడ్‌కు లేదు. అయితే స్కాట్లాండ్‌లో ప్రాసిక్యూషన్ అక్కడి ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన లార్డ్ అడ్వకేట్ చేతిలో ఉంటుంది. ఆ కేంద్రంలో సొంత వాడకానికి మత్తుమందు దగ్గర పెట్టుకున్నవాళ్ల మీద కేసు నడపడం ప్రజాప్రయోజనం కాదని లార్డ్ అడ్వకేట్ 2023 సెప్టెంబర్‌లో చెప్పారు. చట్టంలో ఒక్క అక్షరం మారకుండా దారి తెరుచుకుంది.

పిటిషన్ల చరిత్రలో ఈ నేర్పు బాగా కనబడేది 2014 నాటి పీఈ1517. మహిళలకు ఆపరేషన్ చేసి శరీరంలో అమర్చిన మెష్ (వల లాంటి ప్లాస్టిక్ పరికరం) వల్ల నరకం చూసినవాళ్లు పెట్టిన అర్జీ అది. వైద్య పరికరాల నియంత్రణ లండన్ పరిధిలోది. ఆ ఒక్క మాటతో అర్జీ వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. కానీ అందులోని కోరికల వరుస చూడండి: ఆ ఆపరేషన్లు నిలిపివేయాలి, స్వతంత్ర విచారణ జరపాలి, దుష్ఫలితాలను వైద్యులు తప్పనిసరిగా నమోదు చేయాలి, రిజిస్టర్ పెట్టాలి, అన్ని హెల్త్ బోర్డుల్లోనూ రోగికి పూర్తిగా వివరించాకే సమ్మతి తీసుకోవాలి. ఇవన్నీ ఎడిన్‌బరో ఆరోగ్య శాఖ చేయగలిగినవే. ఆరో కోరిక మాత్రం లండన్ నియంత్రణ సంస్థకు సంబంధించింది. దాన్ని "ఆ సంస్థకు లేఖ రాయాలి" అని మాత్రమే అడిగారు. లేఖ రాయడం ఎవరి అధికారమైనా కావచ్చు కదా. అంత కష్టంలో ఉండి కూడా ఇంత స్పష్టంగా రాసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఫలితం ఒక్కరోజులో రాలేదు. 2014 జూన్‌లో అప్పటి ఆరోగ్య మంత్రి అలెక్స్ నీల్ ఆపరేషన్లు ఆపమని హెల్త్ బోర్డులను కోరారు. స్వతంత్ర సమీక్ష 2017 మార్చిలో ముగిసింది, కానీ బాధితులకు అది రుచించలేదు. 2018 ఆగస్టులో పిటిషన్ల కమిటీ సొంత నివేదిక ఇచ్చింది. సెప్టెంబర్‌లో అప్పటి ఆరోగ్య మంత్రి జీన్ ఫ్రీమన్ మెష్ వాడకం పూర్తిగా ఆపించారు. సొంత డబ్బుతో మెష్ తీయించుకున్నవాళ్లకు ఖర్చు తిరిగి ఇచ్చే చట్టం 2022లో వచ్చింది. ఎనిమిదేళ్లు పట్టింది. ఈ సేవను వాడుకునేవాళ్లు ఈ కాలపరిమాణాన్ని మనసులో పెట్టుకోవాలి. లాకర్బీ విమాన పేలుడు కేసులో శిక్ష మీద స్వతంత్ర విచారణ కోరిన పీఈ1370 అయితే 2010లో మొదలై పదేళ్లకు పైగా కమిటీల ముందే ఉంది.

ఇప్పుడు స్వాతంత్ర్యం సంగతి. "రెండో రెఫరెండం జరపండి" అని ఇక్కడ అర్జీ పెడితే ఏమవుతుంది? ఐదో షెడ్యూల్ మొదటి పేరాలోనే "స్కాట్లాండ్, ఇంగ్లండ్ రాజ్యాల ఐక్యత" లండన్‌కు దఖలు పడి ఉంది. రెఫరెండం కేవలం సలహా కోసమే కదా, దాంతో ఐక్యత చట్టరీత్యా మారదు కదా అన్న వాదన చాలాకాలం నడిచింది. ఆ వాదనను తేల్చమని లార్డ్ అడ్వకేట్ డొరోతీ బెయిన్ బ్రిటన్ సుప్రీం కోర్టుకు పంపారు. 2022 నవంబర్ 23న ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. సలహా రెఫరెండం అయినా దాని రాజకీయ పర్యవసానాలు ఐక్యతకూ, వెస్ట్‌మినిస్టర్ సార్వభౌమత్వానికీ నేరుగా సంబంధించినవే కాబట్టి, హోలీరూడ్‌కు ఆ చట్టం చేసే అధికారం లేదన్నారు. 2023 అక్టోబర్ 19న జరగాల్సిన రెఫరెండం దాంతో ఆగిపోయింది.

మరి 2014 సెప్టెంబర్ 18న ఎలా జరిగింది? అప్పుడు 30వ సెక్షన్ ఉత్తర్వు ఉంది, అంటే 1998 చట్టంలోని ఆ సెక్షన్ కింద లండన్ హోలీరూడ్‌కు అధికారం బదలాయించే ఉత్తర్వు. 2011 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్ఎన్‌పీ)కి 129లో 69 సీట్లు వచ్చాక, అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్, స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత అలెక్స్ సాల్మండ్ 2012 అక్టోబర్ 15న ఎడిన్‌బరోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. లండన్ ఉభయ సభలూ, హోలీరూడ్ కూడా ఆమోదించాక 2013 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. ఇది తాత్కాలికంగా ఇచ్చిన అధికారం అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. 2014 డిసెంబర్ 31లోపు ఒకే ఒక్క రెఫరెండం, ఒకే ప్రశ్న, అంతే. గడువుతో పాటు ఆ అధికారమూ పోయింది. 84.6 శాతం మంది ఓటేసిన ఆ రోజున 44.7 శాతం అవునన్నారు, 55.3 శాతం కాదన్నారు.

కాబట్టి రెఫరెండం జరపమని హోలీరూడ్‌ను అడిగే అర్జీ గడప దాటదు. లండన్‌ను 30వ సెక్షన్ ఉత్తర్వు అడగమని స్కాట్లాండ్ ప్రభుత్వాన్ని కోరడం వేరే సంగతి. అడగడం మీద నిషేధం లేదు. సభే 2017 మార్చి 28న 69-59 ఓట్లతో ఆ పని చేయమంది. 2020 జనవరిలో మళ్లీ 64-54 ఓట్లతో రెఫరెండాన్ని సమర్థించింది. అయితే ప్రధానులుగా ఉన్న థెరిసా మే ఒప్పుకోలేదు, బోరిస్ జాన్సన్ కూడా ఒప్పుకోలేదు. మొత్తం సభే ఓటు వేసి అడిగినా కదలనిది, ఒక కమిటీ రాసే ఉత్తరంతో కదులుతుందని ఆశ పెట్టుకోవడం ఆ సేవకూ న్యాయం కాదు, అర్జీదారుడి శ్రమకూ న్యాయం కాదు.

స్వాతంత్ర్యవాదుల్లో కొందరు ఇంకో దారి పట్టారు. అంతర్జాతీయ ఒప్పందాల కింద ఉన్న బాధ్యతలను అమలు చేయడం ఐదో షెడ్యూల్‌లో లండన్‌కు వదిలేసిన విషయం కాదు. ఆ వెసులుబాటును పట్టుకుని, ప్రజల స్వయంనిర్ణయ హక్కును గుర్తించే ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను స్కాట్లాండ్ చట్టంలోకి తేవాలని అర్జీ పెట్టారు. చట్టం చదివి ఆలోచించిన తీరు ఇది, మెచ్చుకోవాలి. అయితే ఇక్కడా ఒక గోడ ఉంది. బాలల హక్కుల ఒడంబడికను చట్టంలోకి తెచ్చే బిల్లులో కొన్ని భాగాలు స్కాట్లాండ్ గురించి చట్టాలు చేసే వెస్ట్‌మినిస్టర్ అధికారాన్ని తగ్గిస్తాయని 2021 అక్టోబర్‌లో సుప్రీం కోర్టు ఆపింది. దాన్ని కుదించి రాశాకే 2024 జూలైలో అమల్లోకి వచ్చింది. హక్కుల ఒడంబడిక ఏదైనా ఆ కొలతకు లోబడే రావాలి.

లండన్ చేతిలో ఉన్న కోరికకు వెస్ట్‌మినిస్టర్ పిటిషన్ సేవే సరైన కౌంటర్. దాని పద్ధతి పూర్తిగా వేరు. బ్రిటిష్ పౌరులో, అక్కడ నివసించేవాళ్లో అయి ఉండాలి. ఆరు నెలలు తెరిచి ఉంటుంది. 10,000 సంతకాలకు ప్రభుత్వ జవాబు, లక్షకు చర్చ కోసం పరిశీలన. రెండో రెఫరెండం వద్దంటూ 2 లక్షలకు పైగా సంతకాలు వచ్చిన పిటిషన్ మీద 2017 నవంబర్‌లో చర్చ జరిగింది. అక్కడ సంఖ్యే బలం. హోలీరూడ్‌లో వాదనే బలం, వేల సంతకాలు తెచ్చినా వరుసలో ముందుకు జరగరు. నిజం చెప్పాలంటే హోలీరూడ్ పద్ధతే మేలు. అరుదైన జబ్బు ఉన్న వందమంది లక్ష సంతకాలు ఎక్కడి నుంచి తెస్తారు?

తగ్గించిన ఆ ఒక్క మార్కు జాప్యానికి. కమిటీ ఎప్పటిలోగా తేల్చాలన్న గడువు లేదు. ఒక ఉదయం సమావేశంలో చాలా అర్జీలు ఉంటాయి, ఒక్కోదానికి కొద్ది నిమిషాలే దక్కుతాయి. మంత్రికి లేఖ, జవాబు కోసం ఎదురుచూపు, మళ్లీ లేఖ అన్న చక్రంలో నెలలు గడుస్తాయి. చివరకు "స్టాండింగ్ ఆర్డర్లలోని (సభ నియమావళిలోని) 15.7 నిబంధన కింద మూసివేస్తున్నాం" అన్న వాక్యం వస్తుంది. ప్రభుత్వం చేయనని తేల్చి చెప్పిందన్నదే కారణమైతే, అది అర్జీదారుడిని నిజంగా బాధపెడుతుంది. ప్రభుత్వం కాదన్నప్పుడే కదా పార్లమెంటు అవసరం పడేది. మూసేటప్పుడు తర్వాత ఏ కమిటీకి వెళ్లాలో, ఏ బిల్లులో సవరణ కోరాలో రెండు ముక్కలు తప్పనిసరిగా రాయాలన్న నిబంధన ఉంటే బాగుండేది. ఒక ఊరట ఏమిటంటే, ఎన్నికలు వస్తే బిల్లులు రద్దయిపోతాయి గానీ, తెరిచి ఉన్న పిటిషన్లు తర్వాతి కమిటీకి బదిలీ అవుతాయి.

మీ అర్జీ చర్చకు వచ్చే రోజున వెళ్లి చూడొచ్చు, ప్రవేశం ఉచితం. లోపలికి వెళ్లేముందు విమానాశ్రయంలో లాగే బ్యాగు తనిఖీ ఉంటుంది, కాబట్టి కాస్త ముందుగా చేరాలి. 41 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయి 2004లో తెరుచుకున్న ఆ భవనం మీద ఎన్ని విమర్శలున్నా, కమిటీ గదుల్లో సభ్యులకూ ప్రజలకూ మధ్య దూరం చాలా తక్కువ. వెళ్లలేనివాళ్లకు పార్లమెంటు టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది. మాట్లాడిన ప్రతి మాటా అధికారిక నివేదికలో అచ్చవుతుంది. మీ విషయం మీద ఏ సభ్యుడు గట్టిగా ప్రశ్న వేశాడో అందులో చూసి, అర్జీ మూతపడ్డా ఆయనకే నేరుగా రాయండి. రాతపూర్వక ప్రశ్న వేయడానికీ, సొంత బిల్లు ప్రతిపాదించడానికీ ఆయనకు కమిటీ అనుమతి అక్కర్లేదు.

ఒకవేళ మీ ముసాయిదా లండన్ పరిధిలోదని క్లర్కులు చెబితే, ఐదో షెడ్యూల్‌లో ఏ పేరా అడ్డు వస్తోందో రాతపూర్వకంగా అడగండి. అర్జీ చెల్లుతుందా లేదా అన్న వివాదం వస్తే తేల్చాల్సింది కమిటీయే అని స్టాండింగ్ ఆర్డర్లలోని 6.10 నిబంధన చెబుతోంది. ఆ పేరా చదివి, అది వదిలేసిన భాగం ఎంతో చూసి, అంతవరకే కోరికను కుదించి మళ్లీ పంపొచ్చు.